బొటనవేలికి బిగించిన వల

ఈ సంగతి చెప్పడం మొదలుపెడితే నా గొంతు దానంతటదే పెరిగిపోతుంది. "నెమ్మదిగా చెప్పవే, వీధిలో వాళ్ళు ఏదో గొడవనుకుంటారు" అంటూ మా ఆయన లేచి కిటికీ రెక్కలు మూస్తారు. గరివిడి ఫ్యాక్టరీలో కొలిమి మోత మధ్య ఉద్యోగమంతా గడిపినా ఆయన గొంతు పెరగలేదు. పెరిగింది నాదే. అయినా మూసిన కిటికీల వెనక గుసగుసలాడుతూ చెప్పే సంగతి కాదిది.

నేను నర్సుని. చివరి ఏళ్ళలో శ్రీకాకుళం జిల్లాలో ఒక ప్రభుత్వాసుపత్రి డయాలిసిస్ వార్డుకి ఇన్‌ఛార్జి సిస్టర్‌గా ఉండి రిటైరయ్యాను. రెండువేల పది దాటాక, కిడ్నీ జబ్బు గురించి మా జిల్లాలో ఊరూరా మాట్లాడుకుంటున్న రోజులవి. ఇప్పుడు అలాంటి వార్డుల్లో కొత్తగా చేరిన నర్సులు ఫోన్ చేసి, "మేడమ్, మీకు బాగా గుర్తుండిపోయిన కేసేది?" అని అడుగుతుంటారు. గుండె ఆగిపోయిన మనిషిని బతికించిన కథ ఏదో చెబుతానని వాళ్ళ ఆశ. నేను మాత్రం ఒక మనిషి కాళ్ళ గురించి చెబుతాను.

తెలియనివాళ్ళకి ముందు కాస్త చెప్పాలి. కిడ్నీలు పని మానేసిన మనిషి రక్తాన్ని మిషను శుభ్రం చేసి, ఒంట్లో చేరిన నీటిని లాగేసి, మళ్ళీ ఒంట్లోకి పంపుతుంది. దానికి నాలుగు గంటలు పడుతుంది. వారంలో రోజు విడిచి రోజు రావాలి. ఒక చేతికి రెండు సూదులుంటాయి, ఆ చెయ్యి కదలడానికి వీల్లేదు. మధ్యలో లేచి వెళ్ళిపోతే నీరు లోపలే ఉండిపోతుంది. అదే అలవాటైతే ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది, ఆపైన మనిషి దక్కడు.

మా మనిషి శ్రీకూర్మం అవతల సముద్రం ఒడ్డు పల్లె నుంచి వచ్చేవాడు. చేపల వేటకి వెళ్ళి వెళ్ళి భుజాలు కండలు తిరిగిన మనిషి. జబ్బు వచ్చాక వేట మానేశాడు. భార్య చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళమ్మట తిరిగి ఇల్లు నడిపేది. మా వార్డులో అప్పట్లో రెండే షిఫ్టులు, పొద్దుటిది ఒకటి, సాయంత్రానిది ఒకటి. కొత్తగా వచ్చినవాళ్ళకి ఖాళీ ఉన్నదే ఇస్తాం కాబట్టి అతనికి సాయంత్రం షిఫ్టు దొరికింది.

మొదటి గంట బుద్ధిగా పడుకునేవాడు. చీకటి పడే వేళకి మొదలయ్యేది. మోకాళ్ళు ముడిచేవాడు, చాపేవాడు, ఒక పాదాన్ని రెండో పాదంతో రుద్దేవాడు. దుప్పటి కిందకి జారిపోయేది. చివరికి మంచం మీద లేచి కూర్చుని, "సిస్టరమ్మా, ఈ సూదులు తీసీండి. నా వల్ల కాదు" అనేవాడు.

"నొప్పా?"

"నొప్పి కాదు."

"తిమ్మిరా?"

"తిమ్మిరీ కాదు."

"మరేంటయ్యా?"

"ఏటో సెప్పలేనమ్మా. ఎముకలోపల పీతలు నడిసినట్టుంటాది. లెగిసి నాలుగడుగులేస్తే ఎల్లిపోతాయి. కూకుంటే మళ్ళీ వస్తాయి."

పీతల మాటకి మేం నవ్వుకున్నాం. డయాలిసిస్‌లో పిక్కలు పట్టేయడం రోజూ చూసేదే కనుక మా చేతులు వాటంతటవే ఆ పనిలోకి దిగేవి. సెలైన్ ఎక్కించడం, పిక్కలు పిసకడం, పాదం వెనక్కి వంచడం. పట్టేసిన పిక్క గట్టిగా ఉంటుంది. ఇతని పిక్కలు మెత్తగానే ఉండేవి. అది తెలుస్తూనే ఉన్నా, వేరే ఏమనుకోవాలో ఎవరికీ తోచలేదు. వార్డులో అతనికి 'పరుగు మావ' అని పేరు పడిపోయింది. ప్రతిసారీ గంటో గంటన్నరో మిగిలుండగానే వెళ్ళిపోయేవాడు. మేం బతిమాలేవాళ్ళం, కోప్పడేవాళ్ళం. నేనైతే ఎక్కువ కోప్పడేదాన్ని, అది నాకు పుట్టుకతో వచ్చిన విద్య.

ఒక రోజు అతన్ని ఆటోలో తెచ్చారు. పడుకోలేడు, మాట్లాడలేడు, ఊపిరి అందడం లేదు. ఆక్సిజన్ పెట్టి, కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే మిషనుకి కలిపి, వీలైనంత నీరు లాగి గండం దాటించాం. కాస్త తేరుకున్నాక అతను భార్యతో అన్న మాట నేను పక్కనుండి విన్నాను.

"ఇంక నాను ఈడికి రానే. ఇంటికాడే పోతాను. అక్కడయితే నడుసుకుంటా పోతాను."

ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. మొండితనంతో అన్న మాటైతే నాకూ మొండితనముంది, ఎదిరించేదాన్ని. కానీ అతను నిజంగా అలసిపోయి అన్నాడు.

రెండో రోజు పొద్దున్న ఆమె ఒక్కతే వచ్చింది. తట్ట నెత్తిమీదే ఉంది, నేరుగా వార్డు గుమ్మం దాకా వచ్చేసింది. చేపల వాసన గుప్పుమనేసరికి నేను ఒక్క కేక పెట్టాను. "బయట! తట్ట బయట!" ఆమె ఏ మాత్రం నొచ్చుకోకుండా వరండాలో తట్ట దింపి గోడకి జారబడి కూర్చుంది. నేనూ వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"అమ్మా, మా ఆయన రానంటన్నాడు. మీరు తిట్టినారని కాదు. ఆ మంచం మీద కాళ్ళు ఊరుకోవంట."

"ఇంటి దగ్గర ఊరుకుంటాయా?" అని అడిగాను. ఇన్నాళ్ళలో ఆ ప్రశ్న మా వార్డులో ఎవరి నోటా రాలేదు.

"ఇంటికాడా? ఓలమ్మో! రాత్రి పక్కేస్తే సాలు, అప్పుడే మొదలు. ఇటు దొర్లుతాడు, అటు దొర్లుతాడు, గోడని తంతాడు. లెగిసి ఇసకలోకి ఎల్లిపోతాడు. తిరిగి తిరిగి వస్తాడు, పడుకుంటాడు, మళ్ళీ ఎల్లిపోతాడు. ఊరంతా నిద్దరోతే ఈయనొక్కడే గస్తీ. తెల్లారేసరికి కాళ్ళు సల్లబడతాయి, అప్పుడు పడుకుంటాడు. ఎవులో సిల్లంగి పెట్టినారంటన్నారు ఊళ్ళో. కాలికి నల్లతాడు కట్టించినాను, అయినా తగ్గలేదు."

చిల్లంగి అంటే మా వైపు చేతబడి. ఆమె అది చెబుతున్నప్పుడు నా మనసు మరో చోటుంది. నొప్పి కాదు. కదిలితే తగ్గుతుంది. పడుకుంటే వస్తుంది. రాత్రే వస్తుంది. దీనికో పేరుండాలి! ఏం పేరో నాకు తెలియదు కానీ ఉండి తీరాలనిపించింది. అదృష్టం, ఆ రోజు విశాఖపట్నం నుంచి వారానికొకసారి వచ్చే కిడ్నీ డాక్టరుగారు లోపల రౌండ్లలో ఉన్నారు. ఆ వయసులో, ఆ ఒళ్ళుతో నేను కారిడార్‌లో పరిగెత్తాను. ఎదురైన వార్డు ఆయా ఎవరో పోయారనుకుని దండం పెట్టింది.

డాక్టరుగారు టీ కప్పు అక్కడే వదిలేసి నాతో వరండాలోకి వచ్చారు. నెమ్మదస్తుడు, చిన్న గొంతు. ఆమె ఎదురుగా మెట్టు మీద కూర్చుని అడగడం మొదలుపెట్టారు.

"కాళ్ళు కదపాలని ఆగలేనంత ఆరాటమా?"

"అవును బాబూ."

"నడిస్తే తగ్గిపోతుంది, పడుకుంటే మళ్ళీ వస్తుంది?"

"అవును బాబూ!"

"సాయంత్రం మొదలై రాత్రికి ముదిరి, తెల్లవారుజామున సర్దుకుంటుంది?"

ఆమె గడ్డం మీద చెయ్యి వేసుకుంది. "మా ఇంట్లో ఉండి సూసినట్టు సెప్తన్నారేటి బాబూ!"

అప్పుడాయన చెప్పారు. రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ అంటారట, కుదురులేని కాళ్ళ జబ్బు. ఎవరికైనా రావచ్చు. ఒంట్లో ఇనుము తక్కువైనవాళ్ళకి, కిడ్నీలు పాడైనవాళ్ళకి మరీ ఎక్కువ. నేనూ ఎప్పుడో చదువుకున్న పేరే. పుస్తకంలో ఒక మూల ఉన్న ఆ పేరు ఇన్నాళ్ళూ నా ఎదురుగా మంచం మీద దుప్పటి తన్నుతోందన్నమాట! నాకైతే అక్కడే చప్పట్లు కొట్టాలనిపించింది.

నాకంటే ఆమె సంతోషం చూడాలి. "దీనికి పేరున్నాదా బాబూ? పేరున్నాదంటే ఇంకొకలకీ వచ్చినట్టే కదా. అయితే సిల్లంగి కాదు!" అని ఏడుస్తూ నవ్వింది.

ఏమేం మందులు వాడుతున్నాడని ఆయన అడిగారు. ఆమె కొంగు ముడి విప్పి ఒక మందుబిళ్ళల అట్ట తీసింది. కిడ్నీ జబ్బులో ఒళ్ళు దురద పెడుతుంది. దానికి మందుల షాపులో ఇచ్చిన బిళ్ళలు. వేసుకుంటే మత్తుగా ఉంటుంది కదా, నిద్ర పడుతుందని రోజూ రాత్రి తనే వేస్తోందట. నిద్ర పట్టక అతను అల్లాడుతుంటే కాస్త ఓదార్పుగా చిక్కటి టీ కాచి ఇస్తోందట. అతను ఆ టీ తాగి చుట్ట వెలిగించుకుని ఇసకలోకి వెళ్తాడట.

డాక్టరుగారు నెమ్మదిగా చెప్పారు. "అమ్మా, ఈ రకం దురద బిళ్ళలు ఆ కాళ్ళని ఇంకా రెచ్చగొడతాయి. టీ, చుట్టా కూడా అంతే."

"ఓలమ్మో! నా సేత్తోనే ఏసినానే!"

"మీకెవరూ చెప్పలేదు కదమ్మా" అని ఆయన ఓదార్చి, దురదకి వేరే మందు రాశారు. ఇనుము చూడ్డానికి రక్తపరీక్ష రాశారు. కాళ్ళ కోసం పడుకునే ముందు వేసుకునే ఒక చిన్న బిళ్ళ ఇచ్చారు. పొద్దుగూకాక టీ వద్దు, చుట్ట వద్దు. పడుకునే ముందు పాదాలు గోరువెచ్చటి నీళ్ళలో పెట్టి, పిక్కలు కింది నుంచి పైకి పిసకాలి, మడమలు సాగదీయాలి. వెలుగుండగానే కాసేపు నడవాలి. ఆమె ప్రతిదీ తిరిగి అప్పజెప్పింది.

నాకూ రెండు పనులు చెప్పారు. ఒకటి, అతన్ని పొద్దుటి షిఫ్టుకి మార్చడం. పొద్దున్న ఆ కాళ్ళు కాస్త నిద్రలో ఉంటాయి. రెండోది, మిషను మీద ఉన్నంతసేపూ కాళ్ళకీ బుర్రకీ ఏదో పని కల్పించడం. మందు పూర్తిగా పట్టేదాకా అదే దారి అన్నారు.

పొద్దుటి షిఫ్టులో ఖాళీ లేదు. నేను వెళ్ళి నరసన్నపేట షావుకారు దగ్గర నిలబడ్డాను. అక్కడ బట్టల కొట్టున్న పెద్దమనిషి, మా దగ్గర పాతకాపు. సాయంత్రాలు కొట్లో బేరాలు జోరుగా ఉంటాయని పట్టుబట్టి పొద్దుటి షిఫ్టు సంపాదించుకున్న మనిషి. సంగతంతా ఆయన ఓపిగ్గా విన్నారు.

"సాయంత్రం గల్లాపెట్టె కాడ మా ఆవిడ కూకుంటాదిలే సిస్టరమ్మా. నాకన్నా బాగా అమ్ముతాది, అదే నా బాధ. సరే, మార్సీండి" అన్నారు.

ఇక మిగిలింది అసలు మనిషిని రప్పించడం. అది భార్య చూసుకుంది. ఒక్కసారి రా, ఈసారీ కాకపోతే ఇంకెప్పుడూ రమ్మనను అని మాటిచ్చి ఒప్పించిందట. మర్నాడు ఆ కబురు మోసుకొచ్చింది. "నిన్న రాత్రి నీళ్ళలో కాళ్ళెట్టి పిసికినాను. కొత్త బిళ్ళేసినాను. ఒక నిద్దర తీసినాడమ్మా! మళ్ళీ లెగిసి ఎల్లినాడనుకోండి. గాని ఒక నిద్దర తీసినాడు." సంతోషమే. కానీ ఆ ఒక్క డయాలిసిస్ మీదే అంతా నిలబడి ఉంది. అది సగంలో ఆగితే అతను మళ్ళీ మా గడప తొక్కడు.

మరి కాళ్ళకేం పని ఇవ్వాలి? నేను బుర్ర బద్దలుకొట్టుకుని, "మీ ఆయన ఎప్పుడైనా, ఏ పనికైనా, కుదురుగా కూర్చోగా చూశావా?" అని అడిగాను.

"వల బాగుసేసినప్పుడు. పొద్దుగూకినా లెగడు."

వల బాగుచేయడం మీరు చూశారో లేదో. నేల మీద కూర్చుని, కాలు చాపి, వలని బొటనవేలికి తగిలించి బిగలాగుతారు. చిరిగిన చోట ఒక్కొక్క కన్నూ తిరిగి అల్లుతారు. కాలు ఊరుకోవడానికి వీల్లేదు. సాగాలి, వదలాలి, మళ్ళీ సాగాలి. నాకు వెంటనే వెలిగింది. కానీ డయాలిసిస్ వార్డులోకి చేపల వల! చెప్పులు గుమ్మం దాటితే ఊరుకోని నేను! డాక్టరుగారికి ఫోన్ చేస్తే అవతల పకపకా నవ్వారు. "సముద్రంలో దిగని కొత్త వల అయితే, సబ్బుతో ఉతికి ఎండబెట్టి తెమ్మనండి. సూదులున్న చెయ్యి మాత్రం కదలకూడదు సిస్టర్, అది మీ పూచీ" అన్నారు.

అతని డయాలిసిస్ రోజు పొద్దున్నే వచ్చారిద్దరూ. అతను ఎవరి మొహమూ చూడలేదు. ఎడమ చేతికి సూదులు పెట్టి మిషను ఆన్ చేశాం. ఆమె సంచిలోంచి వల తీసింది. తళతళలాడుతోంది, సబ్బు వాసన వేస్తోంది. ఒంట్లో బాగుపడి మళ్ళీ వేటకెళ్తే వాడదామని అతను దాచుకున్న వలట. అతని కాలి బొటనవేలికి ఆమె దాన్ని తగిలించింది. అతను ఏదో పిల్లచేష్ట చూస్తున్నట్టు చూశాడు.

"కొత్త వలకి బాగుసేయడానికేటున్నాదే?"

ఆమె వల విప్పింది. మధ్యలో ఇంతింత కన్నాలు.

"ఏటిది?"

"కత్తిపీటతో నానే కోసీసినాను."

అతను పెట్టిన కేకకి పక్క మంచం మీద కునుకు తీస్తున్న పెద్దాయన ఉలిక్కిపడి లేచాడు. "కొత్త వల కోసీసినావా! నీకు మతి పోనాదేటే! బంగారంలాటి వల!" నేను సూదుల చేతిని రెండు చేతులతో అదిమి పట్టుకున్నాను. "చెయ్యి కదపకు! తిట్టుకో, కొట్టుకో, ఈ చెయ్యి మాత్రం కదపకు!"

"అయితే బాగుసెయ్యి" అంది ఆమె, వల అల్లే సూది ముందుకు చాపి.

"ఒంటిసేత్తో ఎలగ సేసేదే?"

"నువ్వు సెప్పు, నాను ముడేస్తాను."

వాళ్ళ ఊళ్ళో వల అల్లడం మగవాళ్ళ పని, చేపలమ్మడం ఆడవాళ్ళ పని. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె వల సూది పట్టి ఎరగదు. ఇక చూడాలి మా వార్డు! "అలగ కాదే, కింద నుంచి తియ్యి. ఆ ముడి జారిపోద్ది. సేపలమ్మడం తప్ప నీకేటీ రాదు." "నానమ్మబట్టే నువ్వు తింటన్నావు!" అతను కుడిచేత్తో చూపిస్తున్నాడు, కాలితో వల బిగలాగుతున్నాడు, అది వదులైతే రెండో కాలి బొటనవేలికి మార్చమంటున్నాడు. తక్కిన మంచాల వాళ్ళు మెడలు సాచి సలహాలిస్తున్నారు. మిషను మీద పడుకుని అంత నవ్వడం ఆ వార్డులో నేను అంతకుముందు చూడలేదు. నేను బీపీ చూసే నెపంతో నిమిషానికోసారి అటే వెళ్తున్నాను.

మూడో గంట సగంలో అతని నోట మాట ఆగింది. మోకాళ్ళు ముడుచుకున్నాయి. ఆ చూపు నాకు తెలుసు. కుడిచెయ్యి వల వదిలేసి ఎడమచేతి గొట్టాల వైపు వస్తోంది. నేనేదో అనబోయేంతలో ఆమె నా వైపు ఒక్క చూపు చూసి, అప్పటిదాకా బాగానే వేస్తున్న ముడిని తిరగేసి వేసింది.

"ఇలగే కదా?"

అతను చూశాడు. "కాదే! ఎన్నిసార్లు సెప్పాలే! ఇప్పు అది! ఇప్పు!" కాలు చాచాడు. వల బిగిసింది. చెయ్యి మళ్ళీ వల మీదకి వెళ్ళింది. ఆ తరవాత అలా ఎన్నిసార్లు తప్పు ముడి వేసిందో, ఎన్ని తిట్లు తిందో! ప్రతి తిట్టుకీ కాలు చాపేవాడు, వల సాగదీసేవాడు. నేను మందుల అల్మైరా వెనక్కి వెళ్ళి కళ్ళు తుడుచుకుని వచ్చాను. సంతోషం పట్టలేకపోయాను, అంతే.

భోజనాల వేళ దాటింది. సాయంత్రం షిఫ్టు వాళ్ళు రావడం మొదలుపెట్టారు. నరసన్నపేట షావుకారు తన కొత్త షిఫ్టుకని అందరికంటే ముందొచ్చి, చెప్పులు విడిచి గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. అప్పుడే మిషను బీప్ బీప్‌మని కూసింది. టైమైపోయింది! పూర్తిగా! ఉండాల్సిన గంటలన్నీ, తియ్యాల్సిన నీరంతా! నేను దాదాపు ఎగురుతూ మంచం దగ్గరికి వెళ్ళి, "అయిపోయిందయ్యా! లే, లే, సూదులు తీసేస్తాను" అన్నాను.

అతను తలెత్తలేదు. కాలికి వల బిగించి ఉంది, భార్య చేతిలో సూది సగం ముడిలో ఆగి ఉంది.

"మావా, నా టైమయినాది, మంచం ఇస్తావా?" అన్నారు గుమ్మంలోంచి షావుకారు.

"ఉండండి బావా, అంత తొందరేటున్నాది" అన్నాడతను. "సిస్టరమ్మా, ఒక్క సిటికె ఆగండి. ఈ కన్ను అయిపోనీండి."